అతుకు కనబడని పని

ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటిగా సాగే ట్రయథ్లాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చే బొమ్మ ఒకటుంది. గమ్యం గీతకు కొద్ది అడుగుల దూరంలో కాళ్లు పట్టుతప్పి కూలబడిన మనిషి చేతులమీద పాక్కుంటూ గీత దాటడం. ఆ బొమ్మ 1982 ఫిబ్రవరి నాటిది. హవాయిలో జరిగిన ఐరన్‌మ్యాన్ అనే దూరపు ట్రయథ్లాన్ పోటీలో జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని, ఆడవాళ్లందరిలోకీ ముందుండి కూడా, చివరికొచ్చేసరికి ఒంట్లో శక్తి మొత్తం అయిపోయి పడిపోయింది. లేచింది, మళ్లీ పడింది. గీత కళ్లెదుట ఉండగానే కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటి వెళ్లి గెలిచింది. మాస్ పాక్కుంటూ 29 సెకన్ల తర్వాత గీత తాకింది. టీవీలో అది చూసిన అమెరికా ఉలిక్కిపడింది. ఈ ఆట లోకానికి తెలిసింది ఆ పాకుడుతోనే అన్నా తప్పులేదు.

ఆ పట్టుదల ముందు ఎవరైనా తల వంచాల్సిందే. నేను మాత్రం దానికి సరిగ్గా ఎదురువైపున ఉన్న పనిని గురించి రాస్తున్నాను. 2022 నవంబరులో గోవాలోని మిరామార్ తీరంలో మా వదిన ఇదే కుదురుకు చెందిన పోటీలో పాల్గొంది. ఆ రోజు ఆమెకు ఏమీ జరగలేదు. కాలు పట్టేయలేదు, కడుపు తిప్పలేదు, సైకిలు మొరాయించలేదు, ఎవరూ మోసుకురాలేదు. ఫొటోల్లో చూస్తే మామూలుగా పొద్దున బీచి రోడ్డులో నడిచి ఇంటికొచ్చిన మనిషిలాగే ఉంటుంది. ఏడున్నర గంటలకు కాస్త అటూఇటూగా ముగించింది. వయసు వర్గాల పట్టికలో ఎక్కడో మధ్యన పేరు. పతకాల జోలికే పోలేదు. అయినా ఆ రోజు నేను చూసినంత శుభ్రమైన పని ఈ మధ్యకాలంలో ఇంకెక్కడా చూడలేదు.

ముందు కొలతలు చెప్పాలి. అది సగం దూరపు ఐరన్‌మ్యాన్. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో 70.3 కాబట్టి పోటీ పేరులోనే ఆ అంకె ఉంటుంది. ఈతకు గంటా పది నిమిషాల గడువు, మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు. గోవాలో ఇది మొదటిసారి 2019 అక్టోబరులో జరిగింది. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆగి 2022లో మళ్లీ పెట్టారు. పాల్గొనేవాళ్లలో అత్యధికులు ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ తెల్లవారుజామున సాధన చేసుకునేవాళ్లే.

వదిన విశాఖపట్నంలో జూనియర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరు. అప్పటికి నలభై ఆరేళ్లు. ఈత నేర్చుకున్నదే నలభై దాటాక, బీచి రోడ్డులోని మునిసిపల్ కొలనులో, చిన్నపిల్లల పక్కన. ఆటల్లో పుట్టిపెరిగిన మనిషి కాదు. స్కూల్లో రింగు ఆడేదట, అంతే. ఆమెకున్నదల్లా ఒక పని పట్టుకుంటే దాన్ని విడదీసి చూసే బుద్ధి. ఒక లెక్కను పిల్లలకు చెప్పేముందు ఎక్కడ తప్పటడుగు పడుతుందో తనే వెతికి పెట్టుకుంటుంది. ట్రయథ్లాన్‌నూ అలాగే చూసింది.

వడ్రంగి పనితనం చెక్క నునుపులో కాదు, రెండు చెక్కలు కలిసే అతుకులో తెలుస్తుందంటారు. ఈ ఆటా అంతే. ఈత బాగా వచ్చినవాళ్లు, సైకిలు బాగా తొక్కేవాళ్లు, బాగా పరిగెత్తేవాళ్లు ఎంతోమంది ఉంటారు. ఒక దాని అలసట ఇంకోదానిలోకి ఎలా వెళ్తుంది, ఎంత వెళ్లనివ్వాలి అన్నదే ఇక్కడి విద్య. వదిన సాధన అంతా ఆ అతుకుల మీదే నడిచింది.

ఈత మొదట ఎందుకుంటుందో ఆలోచిస్తే ఈ ఆట స్వభావం కొంత పట్టుబడుతుంది. ఆధునిక ట్రయథ్లాన్ 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగో నగరంలో మిషన్ బే ఒడ్డున పుట్టింది. స్థానిక పరుగు క్లబ్బువాళ్లు సరదాగా పెట్టుకున్న ఆ పోటీ పరుగుతో మొదలైంది, ఈత తర్వాత వచ్చింది. అందులో పాల్గొన్న నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ తర్వాత హవాయి వెళ్లి, అక్కడ విడివిడిగా జరిగే మూడు పోటీల దూరాలను ఒకేరోజుకు గుదిగుచ్చి 1978 ఫిబ్రవరి 18న మొదటి ఐరన్‌మ్యాన్ నడిపారు. పదిహేనుమంది బయల్దేరితే పన్నెండుమంది పూర్తిచేశారు. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఈత మొదటికి వచ్చి అక్కడే స్థిరపడింది. అలసిన మనిషి సైకిలు మీద ఆగొచ్చు, పరుగులో నడవొచ్చు, నీళ్లలో ఆగితే మునిగిపోతాడు. ప్రమాదం ఎక్కువున్న పనిని తాజాగా ఉన్నప్పుడే ముగించాలన్న ఇంగితం ఈ ఆట నడకలోనే ఉంది.

ఇక మిరామార్ నీళ్లు. మాండవి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంటుందా తీరం. నీళ్లు మడ్డిగా ఉంటాయి, మునిగితే చెయ్యి కనబడదు. విశాఖ సముద్రానికి అలవాటు పడినవాళ్లకు అక్కడి నేల వాలు కొత్త. మా ఆర్కే బీచిలో నాలుగడుగులు వేసేసరికి లోతు, ఒడ్డునే విరిగే కెరటం, కాళ్లకింద ఇసుకను లాగేసే నీరు. అక్కడ ఎవరూ ఒంటరిగా దిగకూడదు. వదిన కూడా నలుగురితో కలిసి రుషికొండ వైపు వెళ్లి, ఆ పూట నీరు ఎటు లాగుతోందో వేటకు వెళ్లొచ్చిన జాలరులను అడిగి తెలుసుకుని గానీ దిగేది కాదు. మిరామార్ తీరం ఒక్కసారిగా లోతెక్కదు, చాలాదూరం నడుస్తూనే వెళ్లొచ్చు. కెరటం మెత్తన. నది లాగుడు మాత్రం పక్కనుంచి వస్తుంది.

ఆ లాగుడుకు ఆమె చేసిన పని చూడండి. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో నదిలో పడవ లెక్క ఒకటి ఉంటుంది. ఎదుటి ఒడ్డున సరిగ్గా ఎదురుగా ఉన్న చోటికి చేరాలంటే పడవను కాస్త ప్రవాహానికి ఎదురుగా మళ్లించి నడపాలి. ఏటా పిల్లల చేత చేయించే లెక్క. ముందురోజు సాయంత్రం ఒడ్డున నిలబడి, తేలుతూ పోయే చెత్త ఎటు పోతోందో చూసి, మర్నాడు దారి గుర్తుగా నీళ్లలో తేలే బోయా వైపు కాక, బోయాకు ఎగువన ఉన్న ఒక మేడ వైపు గురిపెట్టి ఈదింది. బోయా చిన్నది, కెరటం లేస్తే కనబడదు. మేడ ఎప్పుడూ కనబడుతుంది. ఆమె వెనక వచ్చినవాళ్లు బోయానే చూస్తూ ఈది, దిగువకు కొట్టుకుపోయి, మళ్లీ ఎదురీదడం ఒడ్డునుంచి మాకు స్పష్టంగా కనబడింది. వదిన టోపీ మాత్రం గీత గీసినట్టు వెళ్లింది.

సముద్రంలో ఈదేటప్పుడు ముందుకు చూడక తప్పదు. తలెత్తిన ప్రతిసారీ కాళ్లు కిందికి దిగుతాయి, దిగిన కాళ్లు వేగాన్ని తింటాయి. ఆమె తల ఎత్తదు. కళ్లు మాత్రం నీటిపైకి తెస్తుంది, ముక్కు నీళ్లలోనే ఉంటుంది. చూడటం ఒక పని, ఊపిరి తీసుకోవడం ఇంకో పని. ముందు చూసి, తల అలాగే పక్కకు తిప్పి అప్పుడు గాలి పీలుస్తుంది. రెండూ ఒకేసారి చేయాలని చూసినవాళ్లే ఉప్పునీళ్లు మింగుతారు. ఎనిమిది పది బారలకు ఒకసారి ఈ చూపు. కొలనులో కూడా అలాగే చేసేది. గోడమీద ఉన్న గడియారంలో సెకన్ల ముల్లు ఎక్కడుందో చదవడం ఆమె పెట్టుకున్న పరీక్ష.

ఇంకొకటి నన్ను ఆశ్చర్యపరిచింది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అంటే పొద్దున లోపలికి ఈదేటప్పుడు కళ్లలో ఎండ, వెనక్కి వచ్చేటప్పుడు వీపున ఎండ. గోవాలో తీరం పడమటిది. లోపలికి వెళ్లేటప్పుడు హాయి, ఒడ్డుకు తిరిగినప్పుడు ఎండ ఎదురు. అలసట మొదలయ్యే సమయానికి దారి కనబడదన్నమాట. వదిన రెండు నెలల ముందే ముదురురంగు గాగుల్స్ కొనుక్కుని, వాటితో మబ్బు పట్టిన రోజున కూడా ఈది అలవాటు చేసుకుంది. ఒడ్డుకు తిరిగాక ఏ చెట్ల వరుసను చూస్తూ రావాలో కూడా ముందే అనుకుంది. నీళ్లు చల్లగా ఉండే దేశాల్లో వెట్‌సూట్ వేసుకుంటారు. అది ఒంటిని తేల్చి సగం పని చేసి పెడుతుంది. గోవా సముద్రం వెచ్చన కాబట్టి ఆ సాయమూ లేదు.

చివరి వంద మీటర్లలో ఆమె కాళ్లు గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. అప్పటిదాకా దాదాపు ఊరికే వదిలేసిన కాళ్లవి. దూరపు ఈతలో చేతులే పని చేస్తాయి, నెత్తురంతా పైభాగంలో ఉంటుంది. అరగంటకు పైగా బోర్లా ఉన్న ఒళ్లు ఒక్కసారిగా నిలబడితే కళ్లు తిరుగుతాయి. నీళ్లలోంచి లేచి తూలేవాళ్లను మేం ఆ పొద్దున చాలామందిని చూశాం. రాబోయే పనికి నెత్తురును ముందే కాళ్లలోకి రప్పించుకుని వచ్చింది కాబట్టి వదిన నేరుగా లేచి నడిచింది. మొదటి అతుకు అక్కడ, ఇంకా నీళ్లలో ఉండగానే పడింది.

ఈత నుంచి సైకిలుకు మారే జాగాలోకి చూసేవాళ్లను రానివ్వరు. కానీ అక్కడ జరిగే పని నాకు క్షుణ్ణంగా తెలుసు, వాళ్ల డాబా మీద చాలాసార్లు చూశాను. సిమెంటు నేలమీద ఒక పాత తువాలు. దానిమీద సామాను వాడే వరసలో ఉంటుంది. హెల్మెట్ వెల్లకిలా, పట్టీలు రెండూ బయటికి తెరిచి. అందులో కళ్లద్దాలు, కాడలు విప్పి. పక్కన బూట్లు, నోళ్లు పూర్తిగా తెరిచి. మేజోళ్లు మడమ దాకా చుట్టచుట్టి లోపల పౌడరు చల్లి. ఒక పాత సీసాలో నీళ్లు. నంబరు బెల్టు. మా అన్నయ్య ఫోనులో గడియారం పెట్టి నిలబడేవాడు. ఆమె తడి కాళ్లతో, ఇసుక అంటించుకుని మరీ, మెట్లమీద నుంచి వచ్చేది.

ఇక్కడ చాలామంది సెకన్లు మిగుల్చుకుంటారు. వదిన ఖర్చుపెట్టేది. సీసా నీళ్లు రెండు పాదాలమీద పోసి, వేళ్ల సందుల్లో వేలు పెట్టి ఇసుక తీసి, తువాలుతో ఒక్కో వేలూ తుడిచేది. అన్నయ్యకు ఓపిక ఉండేది కాదు. "అంత తీరిగ్గా తుడుచుకుంటే అవతల సైకిళ్లు వెళ్లిపోతాయి" అనేవాడు. "వెళ్లనివ్వండి. ఇక్కడ మిగిలిన ఇసుకరేణువు పరుగులో పదో కిలోమీటరు దగ్గర బొబ్బ అవుతుంది. అప్పుడు మీరొచ్చి తుడుస్తారా?" అనేది. లెక్క సరైనదే. ఇక్కడ పెట్టిన ముప్పై సెకన్లు అక్కడ నిమిషాలుగా తిరిగొస్తాయి. చుట్టిన మేజోడు బొటనవేలికి తొడిగి ఒక్క లాగుడుతో మడమ దాటించడం ఆమె చేస్తే చూడాలి. తడి కాలికి మేజోడు అతుక్కుని ముడతలు పడుతుందని, ఆ ముడతే బొబ్బకు మూలమని తెలిశాకే ఆ పద్ధతి పట్టింది.

హెల్మెట్ విషయంలో నియమం కచ్చితం. పట్టీ పెట్టుకున్నాకే సైకిలును ముట్టుకోవాలి, తిరిగొచ్చాక సైకిలు పెట్టాకే పట్టీ తీయాలి. కంగారులో దీన్ని తప్పి శిక్ష పడేవాళ్లు ఉంటారు. పట్టీ పడిన చప్పుడు వినబడేదాకా ఆమె చెయ్యి హ్యాండిల్ మీదికి పోదు. ముందురోజు ఆమె చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. వందల సైకిళ్లు ఒకేలా వేలాడుతుంటాయి. నీళ్లలోంచి వచ్చే ద్వారం దగ్గర నుంచి తన సైకిలు దాకా, అక్కడి నుంచి బయటికి వెళ్లే ద్వారం దాకా నడిచి, వరసలు లెక్కపెట్టుకుని, మళ్లీ తిరిగొచ్చే దారిలోనూ నడిచి చూసుకుంది. టైర్లలో గాలి మాత్రం ఆ రోజు నింపలేదు. ఎండలో బిర్రుగా ఉన్న ట్యూబు పేలొచ్చు. గాలి కొట్టింది పోటీ రోజు తెల్లవారుజామునే.

తొంభై కిలోమీటర్ల సైకిలు దారి చుట్లు చుట్లుగా, ఎక్కుడూ దిగుడుగా ఉంటుంది. ఆమెది ఎవరో వాడి అమ్మిన అల్యూమినియం సైకిలు. పక్కన లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిళ్లు బుస్సుమని పోతుంటే, చూసే నాకే ఉక్రోషం వచ్చింది. ఆమెకు రాలేదు. గాలి ఎదురు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పదోవంతు పెంచాలంటే దాదాపు మూడోవంతు ఎక్కువ శక్తి పెట్టాలి. తరగతిలో బోర్డుమీద రాసే ఈ వాక్యాన్ని ఆమె తొడలతో నమ్మింది. చదునులో ఆశపడి కాస్త వేగం పెంచితే ఆ మూడోవంతు పరుగు కోసం దాచుకున్న మూటలోంచే పోతుంది. ఎక్కుడులో గుండె వేగం ఒక హద్దు దాటకుండా చిన్న గేరులో నిమిషానికి ఎనభై ఐదు తొంభై సార్లు తిప్పుకుంటూ పోయింది. దాటేవాళ్లను దాటనిచ్చింది. దిగుడులో ఒంటిని హ్యాండిల్ మీదికి వంచి, ఊరికే వచ్చే వేగాన్ని వదులుకోకుండా పట్టుకుంది.

ముందు సైకిలు వెనక నక్కి గాలి తప్పించుకోవడం ఈ పోటీలో నిషేధం. మధ్యన పన్నెండు మీటర్ల దూరం ఉండాలి, దాటదలిస్తే ఇరవై ఐదు సెకన్లలో దాటెయ్యాలి. పర్యవేక్షకులు మోటారుసైకిళ్లమీద తిరుగుతూ చూస్తుంటారు. కానీ ఎవరూ చూడని మలుపుల్లో ఆ దూరం పాటించడం మనిషి మీద ఆధారపడి ఉంటుంది. గుంపు ఒకటి ఆమెను చుట్టుముట్టినప్పుడు, తనే కాస్త తగ్గి, వాళ్లు వెళ్లేదాకా వెనకబడి, మళ్లీ తన లయ అందుకుంది. ఆ చోటికి దగ్గరగా నేను నిలబడి చూశాను. తగ్గిన తీరులో విసుగు లేదు.

సైకిలు మీదే అసలు వంట జరుగుతుంది. ఒంట్లో నిలవున్న పిండిపదార్థపు శక్తి గట్టిగా శ్రమిస్తే రెండు గంటలకు కాస్త అటూఇటూగా ఖర్చవుతుంది. ఏడెనిమిది గంటల పనికి బయటి నుంచి పోయాల్సిందే. పోసినంతా పేగు పీల్చుకోదు, మామూలుగా గంటకు అరవై గ్రాముల గ్లూకోజు హద్దు. అంతకుమించి కుక్కితే కడుపులో నిలిచి తిప్పుతుంది. తక్కువైతే జూలీ మాస్‌కు జరిగిందే జరుగుతుంది. మొదటి ఐరన్‌మ్యాన్‌లోనే ఈ పాఠం ఉంది. సైకిలు దాకా ముందున్న జాన్ డన్‌బార్ మారథాన్‌లో ఉండగా సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయి, చేతిలో ఉన్న బీరు తాగించారు. గెలుపు హాలర్ చేతికి పోయింది. కాళ్లు ఓడలేదు, సరంజామా ఓడింది.

వదిన నెలల తరబడి పేగుకు సాధన చేయించింది. ఆదివారాలు బీచి రోడ్డులో భీమిలి దాకా వెళ్లివచ్చే సైకిలు తొక్కుడులో ఒక్కోవారం ఒక్కో తిండి. పల్లీ చిక్కీ రుచే గానీ, ఎగపోస్తున్నప్పుడు నమలలేం, నోరు ఎండిపోతుంది. రాగి అంబలి సీసాలో పోసుకెళితే ఎండకు పులిసి పొంగింది. దుకాణాల్లో అమ్మే జెల్ రెండు పడ్డాయి, మూడోది పడలేదు. చివరికి నిలబడినవి మూడు. ఉడికించి ఉప్పు, మిరియాలపొడి అద్దిన చిన్న బంగాళదుంపలు, గింజ తీసి మెదిపి ఉండచేసిన ఖర్జూరం, సీసాలో పంచదార, ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు. ప్రతి ఉండ ఎన్ని గ్రాములో వంటింటి త్రాసు మీద తూచి రాసుకుంది. చేతి గడియారం పావుగంటకోసారి మోగుతుంది. మోగితే దాహం ఉన్నా లేకున్నా గుక్క. రెండోసారి మోగితే తిండి. ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది కాబట్టి ఆకలిని అడగదు, గడియారాన్ని అడుగుతుంది. మలుపులోనూ దిగుడులోనూ మోగితే చదును వచ్చేదాకా ఆగి తింటుంది. ఒంటిచేత్తో దుంప కవరు విప్పడం సాధన చేస్తూ తెల్లవారుజామున ఎన్ని దుంపలు రోడ్డుపాలయ్యాయో భీమిలి రోడ్డు కుక్కలకే తెలియాలి.

సైకిలు దిగి పరుగెత్తబోతే కాళ్లు మనవి కావనిపిస్తుంది. గంటల తరబడి గుండ్రంగా తిరిగిన కండరాలు, వంగి ఉన్న నడుము, ఒక్కసారిగా ఒంటి బరువు. దీనికి మందు ఒకటే. సాధనలో సైకిలు దిగిన వెంటనే ఎన్నోసార్లు పరుగెత్తడం. భీమిలి నుంచి వచ్చి సైకిలు గేటుకు ఆనించి, ఇంట్లోకి కూడా రాకుండా వదిన అలాగే వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చేది. గోవాలో సైకిలు చివరి రెండు కిలోమీటర్లూ ఆమె తేలిక గేరులోకి మారి, సీటు మీద నుంచి అప్పుడప్పుడు లేచి, నడుము విరుచుకుంటూ రావడం చూశాను. అదే రెండో అతుకు. సాగే లేసులున్న బూట్లలోకి కాళ్లు దూరాయి, నంబరు బెల్టు వీపు మీద నుంచి పొట్టమీదికి తిరిగింది, టోపీ చేత్తో పట్టుకునే బయటికి వచ్చేసింది.

పరుగు గురించి ఎక్కువ రాయడానికి లేదు, అదే దాని గొప్ప. పదకొండు దాటిన ఎండ, గాలిలో తేమ. అంత తేమలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. దారిలో నీళ్లు, మంచు ఇచ్చే ఎయిడ్ స్టేషన్ రాగానే టోపీలో మంచుముక్కలు వేసుకుని నెత్తిన పెట్టుకునేది, మెడమీద నీళ్లు, ఉప్పు కలిపిన గుక్క. వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. ప్రతి ఎయిడ్ స్టేషన్‌నూ నడిచి దాటింది, మొదటిదాన్ని కూడా. అలసట లేకుండానే నడిచింది. చూసేవాళ్లు "అప్పుడే నడుస్తోందేమిటి" అన్నారు. ఆమెకన్నా ముందు దూకుడుగా వెళ్లినవాళ్లు రెండో చుట్టులో నడకకు దిగి, ఆ తర్వాత పరుగు అందుకోలేకపోయారు. అన్నయ్య చుట్టుచుట్టుకూ సమయం రాసుకున్నాడు. మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ తేడా నిమిషన్నర లోపు. అంత ఎండలో, అంత దూరం తర్వాత, ఆ సమానత్వం అనుకోకుండా వచ్చేది కాదు. ఈతలో దాచింది, ఎక్కుడులో దాచింది, పావుగంటకోసారి తిన్నది, అన్నీ ఆ కాగితం మీద కనబడ్డాయి.

ఔత్సాహికుల పనికి కొలమానం ఏమిటన్న ప్రశ్నకు నాకు హిరోము ఇనాడా గుర్తొస్తాడు. జపాన్‌కు చెందిన ఆయన ఉద్యోగ విరమణ తర్వాత ఈ ఆటలోకి వచ్చాడు. 2015లో ఎనభై రెండేళ్ల వయసులో హవాయి ప్రపంచ పోటీలో పూర్తి దూరం దాటి, గమ్యం దగ్గర తూలిపడి, పదిహేడు గంటల గడువును కొన్ని సెకన్ల తేడాతో పోగొట్టుకున్నాడు. 2018లో, ఎనభై అయిదేళ్లకు, అదే చోట 16 గంటల 53 నిమిషాల 49 సెకన్లలో ముగించాడు. మూడేళ్లు పెద్దవాడై, గడువుకు ఆరు నిమిషాల ముందు! ఆ వయసులో బలం పెరగదు. పని మెరుగుపడింది. గెలుపుకోసం పోటీపడే వృత్తి క్రీడాకారులకు బలం, జన్యువులు, సమయం, కోచ్‌లు అన్నీ తోడు. జీతం రాళ్లమీద, వారానికి మిగిలే కొన్ని గంటలమీద ఆడేవాడికి మెరుగుపరుచుకోగలిగింది పనితనం ఒక్కటే. అందుకే దాన్ని చూడాలంటే మధ్య వరసల్లోనే చూడాలి.

వదిన గమ్యం దాటాక, పూర్తిచేసినందుకు ఇచ్చిన పతకం మెడలో వేసుకుని మాతోపాటు చెట్టునీడన కూర్చుంది. కొబ్బరినీళ్లు తాగింది. పావుగంట తర్వాత సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది. నేను తొంగిచూశాను. మూడే విషయాలు. ఎడమ చంకలో బట్ట ఒరుసుకుంది, అక్కడ వాసెలిన్ ఎక్కువ రాయాలి. చివరి చుట్టులో ఉప్పు తక్కువైంది. మూడోది బోయా దగ్గర మలుపు గురించి. దగ్గరి దారి కదా అని లోపలివైపు నుంచి తిరిగితే నలుగురి కాళ్ల మధ్య ఇరుక్కుని, లయ తప్పి, మళ్లీ ఊపిరి అందుకోవడానికి ఇరవై బారలు పట్టిందట.

"బయటవైపు నుంచి తిరిగితే దూరం ఎక్కువ కదా వదినా?" అన్నాను.

"పది మీటర్లు ఎక్కువ. ఊపిరి తప్పితే పోయేది అంతకు రెండింతలు. లెక్క నువ్వే చెయ్యి" అంది.

డిసెంబరులో రుషికొండలో ఆమె, ఇంకో ఇద్దరు ఈతగత్తెలు కలిసి నీళ్లలో ఒక ప్లాస్టిక్ డబ్బాకు రాయి కట్టి తేల్చి, దాని చుట్టూ ఒకరినొకరు తోసుకుంటూ మలుపులు తిరుగుతున్నారు. ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటినుంచి. అన్నయ్య ఒడ్డున ఫోనులో గడియారం పట్టుకుని నిలబడ్డాడు.